వెనకగది స్కేలమ్మ

కళ్లజోళ్ల దుకాణం వెనకగదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే ఆవిడకి స్కేలమ్మ అని పేరు పెట్టింది తోటివాళ్లే. ముక్కుసూటి మనిషి, గీత గీసినట్టు మాట్లాడుతుంది, అందుకని. మెషీను ముందు కూర్చుంటే ఆమెకి సాటి లేదు. నలుగురి ముందు నిలబెడితే మాత్రం ఇక చూడండి, నోట్లో నాలుక ఉందో లేదో తెలీదు.

నలభై ఏడేళ్లకి ఇది నాలుగో ఉద్యోగం. మిగతా మూడూ ఒకేలా పోయాయి. మొదట్లో గానుగెద్దులా చేసేది. రెండేళ్లకో మూడేళ్లకో ఒక పొద్దున మంచం దిగలేకపోయేది. జ్వరం లేదు, నొప్పి లేదు. కర్టెన్లు మూసుకుని, గోడవైపు తిరిగి వారాల తరబడి పడుకునేది. పలకరిస్తే మాట కూడా పెగిలేది కాదు. భర్త నరాల బలహీనత అన్నాడు. ఆడపడుచు బద్ధకం అంది. ఒళ్లు హూనం చేసుకున్న మనిషిని పట్టుకుని బద్ధకం అనడానికి ఆ మహాతల్లికి నోరెలా వచ్చిందో.

ఈసారి కొంప ముంచింది ఒక్క మాట. యజమాని పిలిచి, "ఇకనుంచి ముందు కౌంటర్లో కూర్చోమ్మా. జీతం కూడా పెంచుతా. ఆపైన నీ ఇష్టం" అన్నాడు.

"నా ఇష్టమైతే వద్దండీ" అంది.

అందరూ పని ఆపేసి చూశారు. నీ ఇష్టం అంటే చచ్చినట్టు ఒప్పుకోమని అర్థం. పసిపిల్లలకి కూడా తెలిసిన ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. యజమాని మొహం మాడ్చుకుని మర్నాడే కౌంటర్లో కూర్చోబెట్టాడు.

తెల్లటి లైట్లు, రోజంతా మోగే పాటలు, వచ్చినవాళ్లందరితో నవ్వుతూ మాట్లాడటం. నెల తిరక్కుండానే, ఇంటికొచ్చి చెప్పులు విప్పే ఓపిక లేక గడప దగ్గరే కూలబడటం మొదలైంది. మళ్లీ మంచాన పడే రోజు దగ్గరకొచ్చిందని తెలిసిపోయింది. వెళ్లి యజమానిని బతిమాలింది. "కౌంటర్ పని నీకు పడదని సోమవారానికి డాక్టరు కాగితం తెస్తే వెనకగదిలోకి పంపిస్తా. లేదంటే వేరే చోటు చూసుకో" అన్నాడాయన.

"అమ్మా, నీది ఆటిజమేమో" అంది కూతురు, ఎక్కడో చదివి. అది చిన్నపిల్లల జబ్బనుకుంది ఆమె ఇన్నాళ్లూ. పెద్దాసుపత్రి డాక్టరమ్మ, చిన్ననాటి సంగతులు తెలిసినవాళ్లు రావాలంది. శనివారం తల్లిని వెంటబెట్టుకుని వెళ్లింది.

"చిన్నప్పుడు మీ అమ్మాయిలో తేడా ఏమైనా కనిపించిందా, పెద్దమ్మా?"

"అబ్బే, ఏ తేడా లేదు" అంది తల్లి ఠక్కున.

పరువు కోసం అబద్ధమాడుతోందనుకుంది స్కేలమ్మ.

డాక్టరమ్మ వదల్లేదు. ఇంటికి చుట్టాలొస్తే ఏం చేసేదని అడిగింది. మంచం కిందికి దూరేదంది తల్లి. కొత్త బట్టలేస్తే? కుట్లు గుచ్చుకుంటున్నాయని ఏడ్చేది, తిరగేసి తొడిగేదాన్నంది. తిండి దగ్గర? రోజూ అదే గిన్నె, అదే మూల, మారిస్తే ముద్ద ముట్టేది కాదంది.

"మరి తేడా లేదన్నారు?"

"అందులో తేడా ఏముందమ్మా. నేనూ అంతేగా."

డాక్టరమ్మ ఆ మాట కూడా రాసుకుంది. స్కేలమ్మది ఆటిజం కావచ్చని, తేల్చాలంటే ఇంకో రెండు మూడుసార్లు రావాలని, తేలకుండా ఏ కాగితమూ రాయలేనని చెప్పింది. అంటే ఎల్లుండికి ఉద్యోగం పోయినట్టే.

బయట బెంచీ మీద కూర్చున్నాక స్కేలమ్మ అడిగింది. "అమ్మా, నీకూ ఇలా ఓపిక చచ్చిపోయినప్పుడు ఏం చేసేదానివి?"

"ఏం చేస్తాం. స్నానాల గదిలోకి పోయి కుళాయి తిప్పుకుని కూర్చునేదాన్ని. ఆ చప్పుడులో ఎవరి మాటా వినపడదు. అదైనా ఎంతసేపు, నువ్వొచ్చి తలుపు బాదేదానివి."

నిజమే, బాదేది. నీళ్లు వృథా చేయకూడదని బళ్లో చెప్పారు మరి. కుళాయి కట్టెయ్యమని అరుస్తూ, అమ్మ బయటికి వచ్చేదాకా వదిలేది కాదు.