ముని క్లోజ్ చెయ్యని డీవీడీ

నిన్న పొద్దున చిత్తూరు బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది. ముని వాళ్ల బామ్మర్ది.

"అన్నా, బావకు గుండె ఆగిపోయినాదన్నా. ఆస్పత్రి గేటు కాడనే..."

తర్వాత వాడేం చెప్పాడో ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

మొన్న సాయంత్రమే కదా ముని మెసేజ్ పెట్టాడు, వచ్చేటప్పుడు బ్లాంక్ డీవీడీలు తెమ్మని! కొన్నాను కూడా. నా బ్యాగ్‌లోనే ఉన్నాయి.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. మునిరత్నం నా కాలేజీ ఫ్రెండ్. తిరుపతి బస్టాండ్ వెనక సందులో ఒక కంప్యూటర్ పెట్టుకుని, పెళ్లి, పుట్టెంట్రుకలు, ఎవరు ఏ వీడియో తెచ్చినా డీవీడీ చేసిచ్చేవాడు. అంతా ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తోనే. దొంగ సాఫ్ట్‌వేర్ ముట్టేవాడు కాదు. అదో పిచ్చి.

ఒకసారి ఒకావిడ వేరే షాపులో చేయించిన పెళ్లి డీవీడీ పట్టుకొచ్చింది. సరిగ్గా తాళి కట్టే చోట పెళ్లికూతురి మొహం మీద అడ్డంగా "ట్రయల్ వర్షన్" అని ఇంగ్లీషులో, డబ్బు కట్టని సాఫ్ట్‌వేర్ వేసే ముద్ర పడి ఉంది.

"ఏందప్పా ఇది, నా బిడ్డ మొగం మీద ఎవురి పేరు రాసినారు?" అని ఒకటే గొడవ.

ముని నవ్వు ఆపుకోలేక టేబుల్ కింద వైర్లు వెతుకుతున్నట్టు యాక్షన్ చేశాడు. తర్వాత వాళ్ల ఒరిజినల్ టేపు తెప్పించుకుని మొదటి నుంచీ మళ్లీ చేసిచ్చాడు.

వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒకటే పాట. "డిస్క్ క్లోజ్ చేస్తేనే మీ ఇంట్లో టీవీలో ఆడేది. క్లోజ్ చేసినాక ఇంకేం ఎక్కించలేం. రెండు కాపీలు పెట్టుకోండి."

కానీ కూతురు చిన్నీ డిస్క్ మాత్రం క్లోజ్ చెయ్యలేదు.

బోర్లా పడినప్పటి నుంచి ఒక్కో క్లిప్ చేరుస్తూ వచ్చాడు. క్లోజ్ చెయ్యరా, ఇంట్లో వాళ్లు కూడా చూసుకుంటారు అంటే, "బిడ్డ ఇంకా పెరగతా ఉండాది కదబ్బా, ఏం తొందర?" అనేవాడు.

పోయినేడు హార్డ్ డిస్క్ పోయింది. చిన్నీ వీడియోలు ఆ ఒక్క డిస్క్‌లోనే మిగిలాయి. ఊరందరికీ రెండు కాపీలు చెప్పినోడివి ముని, నీ బిడ్డకు ఒక్కటే ఉంచావు. రేపు చేస్తా, రేపు చేస్తా.

కోపం వస్తోందిరా నీ మీద.

ఈ రోజు పొద్దున మీ ఇంటికెళ్తే నీ భార్య సుజాతమ్మ ఆ డిస్క్ చేతిలో పట్టుకుని కూర్చుని ఉంది. టీవీలో పెడితే "నో డిస్క్" అంటోంది. కర్మ అయ్యేదాకా తను గడప దాటకూడదంట, షాపుకొచ్చి కంప్యూటర్‌లో చూసే దారి లేదు.

"ఆయన గొంతు ఒక్కసారి వినిపించన్నా" అంది.

షాపు తాళం తీసి నీ కుర్చీలో కూర్చున్నాను. నువ్వు తెమ్మన్న డీవీడీల్లో ఒకటి తీసి కాపీ చేశాను. చివర్లో నీ సాఫ్ట్‌వేర్ అడిగింది, డిస్క్ క్లోజ్ చెయ్యాలా అని.

మౌస్ మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను. తర్వాత నొక్కాను.

ఇంటికి తెచ్చి పెడితే టీవీలో ఆడింది. చిన్నీ అడుగులు వేస్తోంది, వెనక నుంచి నీ గొంతు.

"ఈడ సూడు పాపా. నాయన ఈడుండాడు సూడు."

తల్లి పక్కనే ఉన్న చిన్నీ టీవీ వదిలేసి గుమ్మం వైపు చూసింది.

సుజాతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను బయటికి వచ్చేశాను.

నీ డిస్క్ వెనక్కి తిప్పి చూశాను ముని. రాసినంత మేర ఒక రంగు, మిగతాదంతా ఇంకో రంగు. సగం కూడా నిండలేదు.

దాన్ని క్లోజ్ చెయ్యలేదు. అలాగే షాపులో నీ సొరుగులో పెట్టి వచ్చాను. ఎందుకో నాకే తెలీదు. ఇంక దాంట్లో ఎక్కించడానికి ఎవరున్నారు?

వెళ్లిరా ముని. నువ్వున్న చోట నీ గుండెకు ఏ నొప్పీ లేకుండా ఉండాలి.