సమాధుల దగ్గర కదిలిన ఇసుక

నా చిన్నప్పుడు ఈస్టరు పండుగంటే నాకు మొదట గుర్తొచ్చేది కిరసనాయిలు వాసన. తెల్లవారుజామున పెట్రోమాక్సు లైటులో గాలి కొడుతుంటే చేతులకు అంటుకునే వాసన అది. ఎంత రుద్ది కడిగినా మధ్యాహ్నం అన్నం ముద్దలో కూడా తెలిసేది. అయినా ఆ పని ఇంకెవరికైనా ఇస్తే ఏడ్చేవాణ్ని.

డెబ్బైల తొలి ఏళ్లవి. మేము బెజవాడలో గుణదలలో ఉండేవాళ్లం. శ్రమల శుక్రవారానికి ముందే మా నాన్న నన్ను అవనిగడ్డ బస్సు ఎక్కించేవాడు. అక్కణ్నించి నాగాయలంక, ఆపైన పడవ. కాలవ పోనుపోను వెడల్పయి, నీళ్లు ఉప్పగా మారి, పొలాలు అయిపోయి రెండువైపులా మడచెట్లు వచ్చేవి. ఆ మడల్లో బావురుపిల్లులు తిరుగుతాయని పడవవాళ్లు చెబితే, పిల్లి కూడా చేపలు పట్టే దేశానికి పోతున్నానని నాకు గర్వంగా ఉండేది. డెల్టా చిట్టచివర, సముద్రం ఒడ్డున, వలలు వేసుకుని బతికే ఒక చిన్న పల్లెలో మా తాతయ్య పాస్టరుగారు. అందరూ ఆయన్ని అయ్యగారు అనేవారు.

తాతయ్య గుడి ఒక తాటాకు పాక. ఆదివారం పూట వచ్చేవాళ్లకు ఒక్క పెద్ద చాప సరిపోయేది. ఆయన గొంతు మాత్రం వెయ్యిమందికి వినిపించే గొంతు. ఒక ఏడాది ఈస్టరుకు ముందు పట్నం నుంచి మా మిషను పెద్దలు వచ్చి పాకనీ, చాపనీ చూసి, వచ్చే ఏటికి మనుషులు పెరగకపోతే ఇక్కడ గుడి ఎత్తేసి మిమ్మల్ని పంపించేస్తామని మర్యాదగానే చెప్పి వెళ్లారు. ఆ మాట నాకు మా నాయనమ్మ చెప్పింది. తాతయ్య చెప్పలేదు. ఆయన భోజనం చేసి చేతికర్ర పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. ఈస్టరు ఉదయం ఒక్కసారి రండమ్మా, మీరు మా దేవుణ్ని నమ్మకపోయినా ఫరవాలేదు, పాట వినండి చాలు, అని అడిగాడు. వస్తాంలెండి అయ్యగారూ, వేటకు పోకపోతే, అన్నారు అందరూ.

మా వాళ్లలో ఒక ఆచారం ఉంది. ప్రభువు సమాధి చూడటానికి చీకటితోనే ఆడవాళ్లు వెళ్లారు కాబట్టి, ఈస్టరునాడు మేమూ చీకటితోనే దీపాలు పట్టుకుని పాడుకుంటూ సమాధుల దగ్గరికి వెళ్తాం. ఆ పల్లెలో గట్టి నేల లేదు. చనిపోయినవాళ్లను సముద్రం పక్కనున్న ఇసుకదిబ్బ మీదే పాతిపెట్టేవారు. తాటిచెక్క శిలువలు గాలికి తలో దిక్కుకు వాలి ఉండేవి.

ఆ ఉదయం లైటు మోసేది నేనే. సువార్తలో సమాధి రాయి దొర్లిపోయిన భాగం చదవాల్సింది కూడా నేనే. నెల ముందునుంచీ కంఠతా పట్టాను. కొత్త చొక్కా వేసుకున్నాను. దిబ్బ ఎక్కి లైటును ఒక చెక్కపెట్టెమీద పెట్టి వెనక్కి చూస్తే చాపకంటే కొంచెం ఎక్కువమందే ఉన్నారు. తాతయ్య ఆశపడినంత మంది లేరు. ఆయన ఒకసారి పల్లెవైపు చూసి, పాట ఎత్తుకున్నాడు.

రెండో చరణంలో వెనకనున్న ఒకావిడ పాడటం ఆపేసింది. ఆమె చూస్తున్న వైపు అందరూ తిరిగారు. చివరి సమాధికి అవతల ఇసుక కదులుతోంది. నేల ఊపిరి తీసుకున్నట్టు కొంచెం కుంగి, మళ్లీ కొంచెం లేచింది. ఆ గుంటలోంచి ఒక నల్లటి చిన్న తల, దాని పక్కన ఇంకొకటి, తర్వాత లెక్కకు అందనన్ని పైకి వచ్చాయి. అరచేతిలో నాలుగు పట్టేంత తాబేలు పిల్లలు. అవి ఒకదానిమీద ఒకటి ఎక్కి దిగి, తెడ్లలాంటి చేతులతో ఇసుకను తోసుకుంటూ, తిన్నగా మా దగ్గరికే వచ్చాయి.

ఇప్పుడు పేపర్లలో వాటికి ఆలివ్ రిడ్లే అని పేరు రాస్తున్నారు. మాకు అవి ఉత్త సముద్రపు తాబేళ్లు. గుడ్లు పెట్టి వెళ్తాయని, నక్కలూ కుక్కలూ తవ్వుకు తింటాయని, మనుషులు కూడా తట్టల్లో ఎత్తుకుపోతారని అందరికీ తెలుసు. కానీ ఈస్టరు ఉదయం, సమాధుల పక్కన, పాట మధ్యలో మట్టిలోంచి ప్రాణాలు లేచి రావడం ఎవరూ చూసి ఎరగరు. ఎవరో పల్లెలోకి పరుగెత్తారు. కాసేపట్లో ముసలీ ముతకా, చంటిపిల్లల తల్లులూ, ఆ వేళ వేటకు పోని మగవాళ్లూ దిబ్బనిండా నిలబడ్డారు. తాతయ్య కర్ర పట్టుకుని తిరిగి పిలిచినప్పుడు రానివాళ్లంతా వచ్చేశారు.

"వాక్యం వినడానికి వచ్చాయండి," అన్నాడు మా సంఘపెద్ద.

ఎండుచేపలమ్మే మామ్మ ఒకామె దండం పెట్టుకుంటూ నవ్వింది. "మీ దేవుడు లేచిన రోజని మా కూర్మావతారం కూడా నిద్ర లేచినట్టుందండీ అయ్యగారూ. వాళ్లూ వాళ్లూ ఒకటైపోయారు, ఇంక మనకెందుకు తగువు?"

జనం నవ్వారు. నేను తాతయ్య ముఖం చూశాను. ఆ ముఖంలో అంత వెలుగు నేను మళ్లీ చూడలేదు. ఆయన కూడా కాసేపు నమ్మాడనే అనుకుంటాను. మాట్లాడటానికి చెయ్యెత్తి, ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి, కిందికి చూశాడు. పిల్లలు కొన్ని లైటు పెట్టిన పెట్టెను ఎక్కబోయి వెల్లకిలా పడుతున్నాయి. తర్వాత ఆయన సముద్రంవైపు చూశాడు. అటువైపు ఒక్కటి కూడా పోవడం లేదు.

"అబ్బాయ్, ఆ లైటు తీసుకుని సరుగుడు చెట్ల దాకా నడువు," అన్నాడు.

నేను నడిచాను. తాబేలు పిల్లలన్నీ వంపు తిరిగి నా వెంట వచ్చాయి. జనం నోళ్లు తెరిచారు. పిల్లాడి వెంట పోతున్నాయి చూడండమ్మా, అని ఎవరో అనడం నాకు వినిపించింది. లైటును ఇంకొంచెం ఎత్తి పట్టుకున్నాను. ఇంతమంది ముందు నిలబడి నా భాగం చదవబోతున్నానని మొదటి వచనం మనసులో చెప్పుకున్నాను.

తాతయ్య నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "వీటికి నా ప్రసంగం కాదు నాన్నా, నీ లైటు కావాలి. పాపం, దాన్నే సముద్రమనుకుంటున్నాయి. గాలి తీసేయ్."

"ఇంకా చదవలేదు కదా తాతయ్యా."

"తీసేయ్ నాన్నా."

మర తిప్పితే గాలి పోయి లైటు ఆరిపోతుంది. నేను మరమీద చెయ్యి వేసి, బిగుసుకుపోయింది, రావడం లేదు అన్నాను. అబద్ధం. ఎవరైనా చదవమంటారేమోనని కాసేపు అలాగే తిప్పుతున్నట్టు నటించాను. ఈలోగా వెనకవాళ్లు చూడటానికి తోసుకుంటూ ముందుకు వచ్చారు. చివరికి తాతయ్య వంగి వేలితో మర తిప్పాడు. అది సులువుగానే తిరిగింది. ఆయన నావైపు చూడలేదు. మిగతా లాంతర్లు కూడా ఆర్పించాడు.

చీకట్లో ఆయన గొంతు ఒక్కటే వినిపించింది. "ఎవరూ కాళ్లు కదపకండి. ఉన్నచోటే మెల్లగా కూర్చోండి. వాటి దారి వాటికి దొరకనివ్వండి."

"ఎంతసేపండీ?" అని ఎవరో అడిగారు.

"తెల్లారేదాకా."

"మరి ప్రసంగం?"

"ఇవాళ ప్రసంగం లేదు."

ఆ తర్వాతి కాసేపు నా జీవితంలో ఒక కలలాగా మిగిలిపోయింది. పల్లె పల్లెంతా ఇసుకలో కదలకుండా కూర్చుని ఉంది. చంటిపిల్లలు కూడా ఏడవలేదు. మొదట ఏమీ కనిపించలేదు. తర్వాత, ఆకాశానికీ సముద్రానికీ మధ్య సన్నటి పాలనురుగులాంటి వెలుగు ఉందని తెలిసింది. అది ఎప్పుడూ అక్కడే ఉంది. మా లైటు ముందు కనిపించలేదంతే. నా పాదం మీద చల్లగా, తడి ఆకు పాకినట్టు ఏదో తగిలింది. ఒక పిల్ల నా కాలు ఎక్కి, కాసేపు ఆగి, తల తిప్పి, అవతలికి దిగి వెళ్లిపోయింది. పక్కనున్నవాళ్లు ఊపిరి బిగబట్టడం వినిపించింది. వాళ్ల కాళ్లమీద నుంచి కూడా నడుస్తున్నాయన్నమాట. ఇసుకమీద చిన్న వాన పడుతున్నట్టు చప్పుడు, మెల్లగా కిందికి, నీళ్లవైపు పోయింది. మామ్మ ఒక్కతే గుసగుసగా, పోండి తల్లీ, పోండి, అంటూ ఉంది.

తెల్లారాక చూస్తే తడి ఇసుకనిండా కుట్టుపనిలాగా సన్నటి జాడలు. అన్నీ అలల దగ్గర ఆగిపోయాయి. సరుగుడు చెట్ల దగ్గర, నేను లైటు పట్టుకుని నిలబడినచోట మాత్రం, జనం కాళ్లకింద నలిగినవి కొన్ని ఉన్నాయి. నేను అబద్ధం ఆడకపోతే అవి కూడా నీళ్లకు చేరేవి. తాతయ్య వాటిని ఒక్కొక్కటిగా పైపంచలో ఏరుకుని నీళ్లలో వదిలాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే తేలికపడేవాణ్నేమో.

వెనక్కి నడుస్తూ సంఘపెద్ద ఆపుకోలేకపోయాడు. "అయ్యగారూ, ఇన్నేళ్లకు ఒక్క అద్భుతం వచ్చింది. మీ చేత్తో మీరే ఆర్పేశారు. ఊరంతా మన గుడికి వచ్చేది కదండీ."

"అవి నా దగ్గరికి రాలేదయ్యా, దారి తప్పి వచ్చాయి," అన్నాడు తాతయ్య. "తప్పిపోయినవాటిని చూపించి నేను సంఘం కట్టనా?"

తర్వాతి ఆదివారం మళ్లీ ఒక్క చాపే నిండింది. ఏడాది తిరిగాక పాక విప్పేశారు. తాతయ్య, నాయనమ్మ గుణదలకు మా ఇంటికి వచ్చేశారు. ఆయన ఆ ఉదయం గురించి బాధపడ్డట్టు నాకు ఎప్పుడూ కనిపించలేదు. వంటింట్లో నాయనమ్మకు కూరగాయలు తరిగిపెట్టేటప్పుడు కూడా అదే గొంతుతో పాడేవాడు.

ఇంతటితో ఆపితే నేను మంచివాణ్నైపోతాను. కానీ అది నిజం కాదు.

పెద్దయ్యాక నేను ఆటోనగర్‌లో లారీల వైరింగు పని నేర్చుకుని, తర్వాత కరెంటు కాంట్రాక్టులు పట్టాను. ఒకప్పుడు అదే తీరంలో రొయ్యపిల్లల్ని పెంచే హేచరీ ఒకటి కడుతుంటే వైరింగు పని నాకు వచ్చింది. దొంగల భయం, సముద్రం వైపు పెద్ద లైట్లు కావాలి అన్నాడు యజమాని. అక్కడి ఇసుక నాకు తెలుసు. ఆ ఇసుకలో ఏముంటుందో కూడా తెలుసు. ఒక్క మాట చెప్పొచ్చు. మంచి కాంట్రాక్టు పోతుందేమోనని చెప్పలేదు. గోడ పొడుగునా లైట్లు బిగించి, స్విచ్చి వేసి, వెలుగు చూసి మురిసిపోయాను కూడా.

వేసవిలో రిపేరుకు పిలిస్తే వెళ్లాను. పొద్దున్నే గోడవారన ఎండిపోయిన తాబేలు పిల్లల్ని ఒక కుర్రాడు చెత్తతోపాటు ఊడుస్తున్నాడు. రోజూ వస్తాయండీ, ఎందుకొస్తాయో తెలీదు, అన్నాడు. నాకు తెలుసని అతనికి చెప్పలేకపోయాను. ఆ సాయంత్రమే నిచ్చెన ఎక్కి లైట్లన్నిటికీ రేకు తొడుగులు కట్టి, వెలుగు నేలకు మాత్రమే పడేటట్టు వంచాను. యజమాని ఏమీ అనలేదు. అడిగితే మొదటిరోజే ఒప్పుకునేవాడని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఆ తీరంలో ఇంకా ఎన్నో లైట్లు వచ్చాయి. పెద్ద బోట్ల వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చిన తల్లి తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకొస్తున్నాయని వింటాను. మడచెట్లు కొట్టి చెరువులు తవ్వారు కాబట్టి, బావురుపిల్లిని చూశామని చెప్పేవాళ్లు కూడా తగ్గిపోయారు. అందులో నా చేతిపని కూడా కొంత ఉంది.

ఈ వయసులో నన్ను కూడా సంఘంలో పెద్ద అంటున్నారు. సలహాకోసం, ప్రార్థనకోసం కొందరు వస్తారు. నా మాటలు బాగున్నాయంటారు. సంతోషంగానే ఉంటుంది. కానీ ఎవరైనా అలా నా దగ్గరికి వచ్చినప్పుడు, వీళ్లు నిజంగా రావాల్సింది ఇక్కడికేనా అని ఒక్క క్షణం ఆగుతాను. చాలాసార్లు కాదు. వాళ్ల తల్లి దగ్గరికో, అలిగిన తమ్ముడి దగ్గరికో, డాక్టరు దగ్గరికో పోవాల్సినవాళ్లు అయి ఉంటారు. అప్పుడు మాట తగ్గించి వాళ్లను పంపించేస్తాను. ప్రతిసారీ అలా చేయగలిగానని చెప్పను. చేయగలిగిన రోజు మాత్రం, వాళ్లు గేటు దాటి మలుపు తిరిగేదాకా వాకిట్లో కదలకుండా నిలబడతాను.