గాడిదా, కొంగా, ఒక పెండ్లి ప్రకటన

నంద్యాల కొత్త జిల్లా అయిన ఏడాది జూన్‌లో నన్ను నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పాస్టరేటుకు బదిలీ చేశారు. పాస్టరేటు అంటే ఊళ్లో ఒక పెద్ద చర్చి, దాని కింద చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న సంఘాలు. పల్లెల్లో ఉపదేశకులు ప్రార్థనలు జరుపుతారు. పెండ్లి చేసే అధికారం మాత్రం ప్రెస్బిటరుకే, అంటే పాస్టరేటు గురువునైన నాకే. నా సర్వీసులో అది ఆఖరి పోస్టింగు. అప్పటికి ఎన్ని పెండ్లిండ్లు చేశానో లెక్క లేదు. రిజిస్టరు నింపడంలో నా చేతిరాతనూ, నిబంధనల విషయంలో నా పట్టుదలనూ పైవాళ్లు మెచ్చుకునేవారు. నేనూ మెచ్చుకునేవాణ్ణి.

మాలో పెండ్లికి ముందు ప్రకటన చదవాలి. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ పెండ్లి నిశ్చయమైందని, ఎవరికైనా న్యాయమైన అభ్యంతరం ఉంటే తెలపమని వరుసగా మూడు ఆదివారాలు ఆరాధన మధ్యలో చదువుతాం. ఎవరూ లేవరు. నా సర్వీసు మొత్తంలో అంతవరకూ ఎవరూ లేవలేదు. ప్రకటనకు ముందు ఒక ఫారం తీసుకుంటాం. దాని కింద రెండు సంతకాలకు చోటు ఉంటుంది. ఇద్దరిలో ఒకరు రాసిచ్చినా చాలని నిబంధన ఒప్పుకుంటుంది కాబట్టి, అబ్బాయి సంతకం పడితే నేను రెండోదాని కోసం పట్టుబట్టేవాణ్ణి కాదు.

మరుసటి జనవరిలో ప్రదీప్ అనే కుర్రవాడు నన్ను కలవడానికి వచ్చాడు. నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీలో పని. మా సండే స్కూల్లో పిల్లలకు చెప్పే కెజియా అతనికి నాలుగేండ్లుగా స్నేహితురాలు. ఆమె తండ్రి యేసోబు మా సంఘ పెద్ద, పది ఎకరాల రైతు, మాటంటే మాటే. రెండిళ్లలో పెద్దవాళ్లు అప్పటికే ఒప్పుకున్నారు. ప్రదీప్ ఫారం నింపి, సంతకం చేసి, నా బల్ల మీద పెట్టి ఒక కోరిక కోరాడు. ఆదివారం సాయంత్రం సండే స్కూలు హాలు కావాలట. కెజియాకు ప్రాణమైన ఒక బొమ్మల సినిమా ఉంది, పిల్లలందరినీ కూర్చోబెట్టి అది వేసి, సగంలో ఒక చోట ఆపి, అందరి ముందూ ఆమెను పెండ్లికి అడుగుతాడట. అందుకని ప్రకటన ఆ పై ఆదివారం నుంచి మొదలుపెట్టమన్నాడు.

అతని చేతిలో ఒక గోనెసంచి ఉంది. విప్పి చూపించాడు. జానెడు ఎత్తు నల్లరాతి గాడిద, దాని వీపు మీద రెక్క ముడుచుకున్న కొంగ. ఆ సినిమాలోవే అవి. ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర చెక్కించాడు. "దేవుండ్లను చెక్కితిమి, ఏనుగులను చెక్కితిమి, గాడిదను ఇంతవరకూ ఎవురూ అడగల్యా అప్పా" అన్నాడట శిల్పి. నవ్వుకుని హాలు తాళాలు ఇచ్చాను. పిల్లాట అనుకున్నాను. అదే నా మొదటి తప్పు.

రెండోది శనివారం జరిగింది. యేసోబు వచ్చి క్యాలెండరు ముందు పెట్టుకున్నాడు. ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమదినాల్లో మేము పెండ్లిండ్లు చేయం. అవి మొదలయ్యే భస్మ బుధవారానికి ముందు మాకు నాలుగే ఆదివారాలు ఉన్నాయి. రేపే మొదలుపెడితే మూడు ప్రకటనలూ అయ్యాక పెండ్లికి తొమ్మిది రోజుల వ్యవధి. వారం ఆగితే సోమ, మంగళవారాలు రెండే మిగులుతాయి. "రేప్పొద్దునే చదవండి అయ్యగారూ, నా బిడ్డ మనసు నాకు తెలీదా" అన్నాడు. అబ్బాయి సంతకం ఉంది. తండ్రి మాట ఉంది. సాయంత్రం అడగబోయేది ఎలాగూ లాంఛనమే. నేను నిబంధన తప్పడం లేదు కదా అని నిబ్బరంగా సరే అన్నాను. ప్రదీప్‌కు ఫోన్ చేయాలని కూడా తోచలేదు.

జనవరి ఆఖరి ఆదివారం ఉదయం, రెండో కీర్తన తర్వాత ప్రకటన చదివాను. అభ్యంతరం మాట చదివి, అలవాటుగా ఒక్క క్షణం ఆగి, కాగితం మడవబోతున్నాను. ఆడవాళ్ల వైపు మూడో వరుసలో కెజియా లేచి నిలబడింది.

"నాకుంది అయ్యగారూ."

ఏం అభ్యంతరమని అడగడం నా విధి. అడిగాను.

"నన్నెవురూ అడగల్యా."

మొదటి వరుసలో యేసోబు తల వంచుకున్నాడు. ప్రదీప్ గోడకు ఆనుకుని పాలిపోయి ఉన్నాడు. ప్రకటన నిలిపివేస్తున్నానని మాత్రం చెప్పి, పాట అందుకోమని కీబోర్డు వాయించే ఆయనకు సైగ చేశాను. ఆ రోజు ప్రసంగం ఏం చేశానో నాకు ఒక్క ముక్క గుర్తు లేదు.

అభ్యంతరం వస్తే అదే రోజు విచారించి రాతలో పెట్టాలి. ఆరాధన అయ్యాక ముగ్గురినీ చర్చి పక్క గదిలో కూర్చోబెట్టాను. యేసోబు కోపంగా అందుకున్నాడు.

"నలుగుర్లో నా పరువు దీస్తివి గదమ్మా. ఈ పిల్లోడు నీకు ఇష్టమేనంటివి గదా?"

"ఇష్టమే నాయనా. ఇష్టమని నీతో అంటి. పెండ్లికి సరేనని ఎవురితో అంటి? నువ్వు సరే అంటివి, ఆయప్ప సంతకం పెట్టె, అయ్యగారు సదివిరి. ఇందులో నేను యాడుండా?"

సాయంత్రం అడగాలనే అనుకున్నానని ప్రదీప్ గొణిగాడు. సినిమా సంగతీ, ఆపాలనుకున్న చోటూ చెప్పాడు. అది విన్నాక ఆ పిల్ల కండ్లలో నీళ్లు తిరిగాయి. అంతవరకూ లేని కోపం అప్పుడు వచ్చింది.

"ఆడనే ఆపుదామనుకుంటివా? నీ సంతకం పెట్టేసినాక? ఆ సినిమా నాతో కూచుని ఎన్ని తూర్లు చూస్తివి, ఏం చూస్తివి నువ్వు?"

వారం ముందు చదవడం నా నిర్ణయమని, తప్పు నాదని చెప్పాను. అయితే ఆమె పాయింటు అది కాదు. వారం తర్వాత చదివినా ఆ కాగితం మీద ఆమె లేదు. రిజిస్టరులో అభ్యంతరం నమోదు చేశాను. అభ్యంతరం తెలిపినవారు అన్నచోట వధువు పేరే రాయాల్సి వచ్చింది. అలా రాసిన రిజిస్టరు మా పాస్టరేటులో అంతకుముందు లేదు.

ఇంటికి వెళ్తే మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, మన ప్రకటన చదివిన రోజు నన్నూ ఎవరూ అడగలేదండీ అంది. అడిగుంటే ఏమనేదానివి అన్నాను. "ఒప్పుకునేదాన్నే. అయినా అడిగుంటే బాగుండేది" అంది. నాకు సిగ్గేసింది.

సాయంత్రం సినిమా మానేద్దామంటే పిల్లలు అప్పటికే హాలు నింపేశారు. వాళ్ల టీచరు కాబట్టి కెజియా వచ్చింది. ప్రదీప్ ప్రొజెక్టరు దగ్గర నిలబడ్డాడు. నేనూ మా ఆవిడా వెనక కూర్చున్నాం. బొమ్మల సినిమా పూర్తిగా చూడటం నాకు అదే మొదలు.

కథ చిన్నది. రెక్క విరిగిన కొంగను ఒక గాడిద వీపు మీద ఎక్కించుకుని ఎడారి దాటిస్తుంటుంది. కొంగలుండేది నీళ్ల దగ్గర కాబట్టి సరస్సుకే తీసుకుపోతుంటుంది. దాహానికి ఓర్చుకుంటుంది, కాళ్లు బొబ్బలెక్కినా ఆగదు. సగం దూరం వచ్చాక, ఇంక సగమే అని గర్వంగా చెబుతుంది. అప్పుడు కొంగ, సరస్సుకు పోవాలని నేనెప్పుడన్నాను అంటుంది. గాడిద ఇసుకలో చతికిలబడిపోతుంది. చాలాసేపటికి, ఎక్కడికి పోదాం అని అడుగుతుంది. కొంగ ఆలోచించి, సరస్సు వైపే చూపిస్తుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. గాడిదకు చెడ్డ ఉద్దేశం లేదు. దారీ తప్పలేదు. అయినా తప్పు గాడిదదే.

ప్రదీప్ ఆపాలనుకున్నది గాడిద ఎక్కడికి పోదామని అడిగే చోటే. ఆపలేదు. సినిమా మొత్తం నడవనిచ్చి, వైర్లు చుట్టి, కుర్చీలు మడిచి, బొమ్మ ఉన్న గోనెసంచితోనే నంద్యాల బస్సెక్కాడు. అతని మీద నాకు గౌరవం కలిగింది ఆ సాయంత్రమే.

రెండు వారాలు ఏ కబురూ లేదు. యేసోబు చర్చికి వస్తున్నాడు గానీ నాతో మాట్లాడటం లేదు. మూడో వారం కెజియా ఒక్కతే వచ్చి ఫారం అడిగింది. ప్రదీప్ ఆళ్లగడ్డ బస్టాండులో, బొమ్మా సినిమా ఏమీ లేకుండా, చేసుకుంటావా అని అడిగాడట. ఆలోచించుకుని చెబుతానందట. ఆలోచించుకుంది. రెండో గీత మీద తన పేరు నిదానంగా రాసి, "ఇప్పుడు సదవండి అయ్యగారూ" అంది.

శ్రమదినాలు వచ్చేశాయి కాబట్టి పెండ్లి ఈస్టరు దాటాకే. ఆ వ్యవధిలో ఆ ఇద్దరూ సినిమాను పెండ్లిలోకి దింపే పని పెట్టుకున్నారు. ఆరాధన క్రమం కాగితాలు నా ఆమోదానికి రావాలి. ప్రమాణాల్లో అక్షరం మార్చడానికి వీల్లేదన్నాను. వధువు నడిచి వచ్చేటప్పుడు ఆ సినిమా బాణీ వాయించుకోవచ్చన్నాను, దానికి మాటలు లేవు కనుక. శుభలేఖ నా పరిధిలోది కాదు. దాని గురించి యేసోబే నా దగ్గరకు వచ్చాడు. "పెండ్లి పత్రిక మీద గాడిదంట అయ్యగారూ. బంధువులు అది నేనే అనుకోరా?" అన్నాడు. అనుకుంటే అనుకోనీ, నా బొమ్మ కూడా అదే అన్నాను. రెండు నెలల తర్వాత మేమిద్దరం కలిసి నవ్వింది అప్పుడే. పత్రికల మీద గాడిద పడింది. సంఘంలో పిల్లలందరూ తమకొకటి, తమకొకటి అని దాచుకున్నారు.

పెండ్లి రోజు, ఈ పురుషుణ్ణి భర్తగా అంగీకరిస్తావా అని నేను అడగాల్సిన చోట అడిగాను. ఆ ప్రశ్న అంతకుముందు ఎన్నోసార్లు అడిగాను, జవాబు కోసం ఎదురుచూసింది మాత్రం అప్పుడే. ఆమె ప్రదీప్ వైపు చూసి, గట్టిగా, వెనక వరుస దాకా వినబడేలా ఒప్పుకుంది.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా రెండు సంతకాలు లేని ఫారం నేను తీసుకోలేదు. అమ్మాయి సంతకం చేసేటప్పుడు పెద్దవాళ్లను బయట కూర్చోబెట్టేవాణ్ణి. కొందరు నొచ్చుకున్నారు. అతి చేస్తున్నానన్నారు. మరుసటి ఏడాది ఒక పల్లె నుంచి వచ్చిన అమ్మాయి చేతికి పెన్ను ఇచ్చి, ఇష్టమేనా అని అడిగాను. చాలాసేపు ఆ గీతనే చూసి, పెన్ను మూత పెట్టి బల్ల మీద ఉంచింది. ఆ ప్రకటన నేను చదవలేదు. పాత పద్ధతి ప్రకారమైతే ఆ ఆదివారమే చదివేసి ఉండేవాణ్ణి, ఎవరూ లేచి ఉండేవారు కాదు.