పద్దెనిమిది టెస్ట్ ట్యూబులు, ఒక్క బుడగ లేదు

గిద్దలూరులోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో రత్నమ్మ ల్యాబ్ అటెండరు. అంతకుముందు పదకొండేళ్లు హాస్టల్లో వంట చేసింది. కొమరోలు వైపు నుంచి రోజూ మొదటి బస్సుకు వచ్చి, తాళం తీసి, బల్లలు తుడిచి, సీసాలు వరసగా పెడుతుంది. సీసాల మీది పేర్లు చదవగలదు గానీ పలకడం ఆమెకు విసుగు. అందుకే హైడ్రోజన్ పెరాక్సైడుకు ‘నురగ మందు’ అని పేరు పెట్టుకుంది. ఆ పేరు పరీక్షలో రాయొద్దని లెక్చరర్ జయలక్ష్మి ఏటా పిల్లలకు చెప్పాల్సి వస్తోంది.

వంటింటి అలవాటు ఒకటి రత్నమ్మను వదల్లేదు. తయారుచేసింది ఏదైనా సరే, పిల్లల ముందు పెట్టేలోపు తాను ఒకసారి చూసుకోవాలి.

ఆ ఏడాది ప్రాక్టికల్ పరీక్షకు మార్కాపురం నుంచి నాగభూషణం ఎగ్జామినరుగా వచ్చాడు. ప్రయోగం సులువైనదే. పచ్చి బంగాళదుంప రసంలో కెటలేజ్ అనే ఎంజైము ఉంటుంది. పలచటి పెరాక్సైడులో ఆ రసం నాలుగు చుక్కలు వేస్తే ఎంజైము దాన్ని నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. పైకి వచ్చే ఆక్సిజనే నురగ. దాని ఎత్తు కొలిచి రాస్తే పది మార్కులు.

పద్దెనిమిది మంది చుక్కలు వేశారు. పద్దెనిమిది ట్యూబుల్లోనూ ఒక్క బుడగ రాలేదు.

"పెరాక్సైడు పాతబడిందేమో సార్," అంది జయలక్ష్మి.

"ఏమైనా కానీ మేడం, నురగ లేకపోతే కొలత లేదు, కొలత లేకపోతే మార్కులు లేవు. పది మార్కులు పోతే వీళ్లలో సగం మంది గట్టెక్కరు."

సీసా పాతదని రాసుకుంటే రత్నమ్మ మీదికి మాటేమీ రాదు. పిల్లలు మాత్రం తప్పుతారు. ఆమె సింకు దగ్గర నుంచి ముందుకు వచ్చింది.

"మందు పాతది కాదు సార్. పొద్దున పొంగింది. నేనే చూసినా."

"ఎట్ల చూసినావమ్మా?"

"దుంప రసం పిండినాక, బాగుందో లేదోనని ఆ గిన్నెలోనే మందు పోసినా. అంచు దాటి పొంగింది. బాగుందిలే అనుకున్నా."

"పలచ చేసిన మందేనా?"

"ఏంది సార్, పలచ చేసేది మేడం గదా. నేను పెద్ద సీసాలోదే పోసినా. అర గ్లాసు."

జయలక్ష్మి నుదురు పట్టుకుంది. నాగభూషణానికి మాత్రం నవ్వు ఆగలేదు.

"అమ్మా, తిరునాళ్లలో గేటు దగ్గర ఒక కానిస్టేబుల్ ఉంటే జనం వరసలో పోతారు. అందరూ ఒక్కసారే మీద పడితే?"

"టోపీ కూడా మిగలదు."

"నీ గిన్నెలో జరిగింది అదే. పెరాక్సైడు మన ఒంట్లోనూ కొంచెం కొంచెం పుడుతుంది. కొంచెమైతే ఈ ఎంజైము సర్దేస్తుంది. చిక్కటిది అంత పోస్తే ఎంజైమే దెబ్బతింటుంది. ఉన్న నురగంతా పొద్దున నువ్వొక్కదానివే చూసేసినావు."

"అయితే నేనే చంపినానా దాన్ని?" అని రత్నమ్మ గోడ గడియారం వైపు చూసింది. "పరీక్ష ఇంకెంతసేపు ఉంది సార్?"

"యాభై నిమిషాలు."

"పది చాలు."

సంచిలో నాలుగు దుంపలు మిగిలి ఉన్నాయి. రెండు వందల మందికి కూర తరిగిన చెయ్యి అది. చెక్కు తీయడం, తురమడం, గుడ్డలో వేసి పిండడం ఏడు నిమిషాల్లో అయిపోయాయి. గిన్నె బల్ల మీద పెట్టి, అలవాటుగా పెద్ద సీసా మీద చెయ్యి వేసింది.

"రత్నమ్మా!" అని జయలక్ష్మి కేక.

"పోయడం లేదు మేడం, పక్కన పెడుతున్నా," అంది రత్నమ్మ. పిల్లలు గొల్లున నవ్వారు.

ఈసారి చుక్క పడగానే నురగ లేచింది. కంగారులో ఎక్కువ వేసిన ఒక అబ్బాయి చొక్కా చేయి తడిసింది. పద్దెనిమిది మందీ కొలతలు రాసుకున్నారు. నాగభూషణం పొద్దుటి రసాన్ని కూడా పారబోయనివ్వలేదు. ఆ రసం ఎందుకు పొంగలేదో ఒక్క వాక్యంలో రాయమని, దానికి ఇంకో రెండు మార్కులు కలిపాడు.

మూడో బల్ల దగ్గరి అమ్మాయి ‘రత్నమ్మక్క ముందే చూసినందువల్ల’ అని రాసింది. ఎగ్జామినరు దాన్ని పైకి చదివి అర మార్కు వేశాడు.

రత్నమ్మ ఒప్పుకోలేదు. "అరేనా సార్? ఆ పిల్ల ఉన్నమాటే రాసింది గదా!"