మీసాల చేపలకి పప్పన్నం

మా అత్తగారి మీద నాకు కోపం ఇప్పటికీ పోలేదు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. అయినా పోలేదు.

విజయనగరంలో మా అత్తవారిది చిల్లర దుకాణం. నీసు గడప దాటి రాని ఇల్లు. అరవైల చివర్లో పి.యు.సి. చదివి ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. పెళ్ళయిన కొత్తలో రామతీర్థం నుంచి తిరిగివస్తూ ఏట్లో కాళ్ళు కడుక్కుంటుంటే, ఇసకలోంచి మీసాలున్న సన్నటి చేపలు తలలు పైకెత్తాయి. ఒక్కొక్కటి వేలెడు పొడుగు. పైటచెంగుతో నాలుగైదింటిని పట్టి మరచెంబులో వేశాను. మా ఆయన ముచ్చటపడి, ఇనప చట్రానికి గాజు పలకలు బిగించిన తొట్టి చేయించారు. పగలంతా అవి ఇసకలో దూరి ఉండేవి. దీపాలు పెట్టే వేళకి బయటికొచ్చి, మీసాలతో అడుగంతా తడుముతూ తిండి వెతుక్కునేవి.

రోజుకొక రకం పెట్టేదాన్ని. నీళ్ళ గోళెంలోని దోమపిల్లలు, అరటిచెట్టు మొదట్లో తవ్వితే దొరికే ఎర్రలు, ఉడికిన తోటకూర, బీరకాయ ముక్క. ఎప్పుడూ ఒకటే పెడితే చిక్కిపోయేవి. అన్నం మెతుకులు మిగిలితే నీళ్ళు కుళ్ళిపోయేవి.

"మనింట్లో ఎర్రలు తరుగుతావేటే?" అని అత్త మండిపడింది. "పప్పన్నం తినే కొంపలో ఉన్నాయి. పప్పన్నమే తింటాయి."

ఆవిడ గుడికెళ్ళే వేళ చూసి నా పని నేను చేసుకునేదాన్ని.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అందుకని తొలి కాన్పు అత్తవారింట్లోనే అయింది. ఆడపిల్ల. ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆకుకూరలు, పప్పు, పాలు, పళ్ళు అన్నీ తినమంది. ఇంటికి రాగానే మూల గదిలో పడేసి, రెండు పూటలా అన్నంలో వెల్లుల్లి కారం పెట్టారు. పప్పు తింటే చీము పడుతుందట. కూర తింటే పిల్లకి జలుబట. మంచినీళ్ళు కూడా గొంతు తడిసేటన్నే.

"డాక్టరమ్మ తినమంది కదా అత్తా," అన్నాను.

"ఆ డాక్టరమ్మ ఎంతమందిని కన్నాదేటి?"

పాలు చాలక పిల్ల గుక్కపట్టి ఏడిచేది. ఒక సాయంత్రం దాన్ని భుజాన వేసుకుని గది దాటి ముందుగదిలోకి వచ్చాను. తొట్టిలో నీళ్ళు కుడితిలా ఉన్నాయి. ఇసక మీద పప్పన్నం తెట్టు కట్టింది. ఒక చేప వెల్లకిలా తేలుతోంది. మిగిలినవి పుల్లల్లా అయిపోయి, గాలికోసం పైకొచ్చి మూతులు తెరుస్తున్నాయి.

"బాలింతవి, లేసి వచ్చీసావేటే!" అత్త పరుగెత్తుకొచ్చింది.

"వచ్చేశాను. ఇవి చస్తున్నాయి. నేనూ చస్తున్నాను. నీ కళ్ళకి కనబడలేదా?"

అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు. దుకాణంలోంచి మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. తల్లిని చూశారు, నన్ను చూశారు. "ఊరుకో. పెద్దావిడ," అన్నారు. ఆ మాటకి నాకు అత్త మీదకంటే ఆయన మీద ఎక్కువ మండింది.

మర్నాడు తొట్టిలో నీళ్ళు మారాయి. ఎవరూ చూడకుండా ఆయనే గోళెంలోంచి దోమపిల్లల్ని తెచ్చి వేశారు. మధ్యాహ్నం అత్త కునుకు తీస్తుంటే, కండువా కింద దాచి హోటలు నుంచి గిన్నెడు తోటకూర పప్పు తెచ్చారు.

"తొరగా తినీ. అమ్మ లేస్తాది."

ఆకలికి గబగబా తిన్నాను. గిన్నె ఖాళీ అయ్యాక ఇంకా ఒళ్ళు మండిపోయింది. నా ఇంట్లో నా తిండి నేను దొంగలా తినడమేమిటి?

"రేపు ఇలా తేవద్దు. వంటింట్లో అందరి ముందూ తింటాను. మీరు పక్కన కూచోవాలి," అన్నాను.

కూచున్నారు. తల వంచుకుని, చెమటలు కక్కుతూ, కూచున్నారు. అత్త చేతిలో గరిటె నేలకేసి కొట్టి, అరసవల్లిలో కూతురింటికి వెళ్ళిపోయింది. తిరిగొచ్చాక కూడా చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. "నీ పెళ్ళాన్ని సెడగొట్టింది నువ్వే" అని కొడుకుతో మాత్రం రోజూ అనేది.

పిల్ల ఒళ్ళు చేసింది. మిగిలిన చేపలు మరుసటి ఎండాకాలం దాకా బతికాయి.