అరటిచెట్టు మినహా

భావనకు ముప్పయ్యో ఏడు వచ్చేదాకా తనకు పెళ్ళి కాలేదన్న సంగతి ఎవరికీ రుజువు చేయవలసిన అవసరం రాలేదు. ఢిల్లీలో జనక్‌పురి తెలుగువాళ్ళలో అది తెలియనివాళ్ళు లేరు. కూరల బండి దగ్గర, గుళ్ళో ప్రసాదం వరసలో, ఎవరింటి వ్రతంలోనైనా సరే, ఏదో ఒక ఆంటీ "ఇంకా ఏం కుదరలేదా అమ్మా?" అని అడిగి మరీ ఖాయం చేసుకునేది. తీరా పెళ్ళి కుదిరాక, అంతమందికి తెలిసిన ఆ ఒక్క ముక్కకీ సర్కారు ముద్ర కావలసివచ్చింది.

పెళ్ళికొడుకు పేరు టోమాష్. చెక్ దేశస్థుడు. గ్రేటర్ నోయిడాలో భావన పనిచేసే కార్ల విడిభాగాల ఫ్యాక్టరీకి రెండేళ్ళ కిందట, అంటే రెండువేల ఆరులో, యంత్రాలు బిగించడానికి వచ్చాడు. కొనుగోళ్ళ విభాగంలో ఉన్న భావన, చిట్టాలో రాసినదానికీ పెట్టెలో ఉన్నదానికీ నాలుగు బోల్టులు తేడా వచ్చాయని అతని పెట్టెను మూడు రోజులు గేటు దగ్గరే ఆపేసింది. చివరికి ఇద్దరూ గోదాములో నేలమీద కూర్చుని పెట్టెంతా మళ్ళీ లెక్కపెట్టారు. బోల్టులు అతని కోటు జేబులో దొరికాయి. అక్కణ్ణుంచి మొదలైంది వ్యవహారం.

కాగితాల దగ్గర అంత గట్టిగా నిలబడే మనిషికి మనుషుల దగ్గర గొంతు పెగలదు. రోజూ రెండు గంటలు చార్టర్డ్ బస్సులో పోయి, రెండు గంటలు అదే బస్సులో తిరిగివస్తూ, కాలు తొక్కినవాళ్ళకి తనే సారీ చెప్పే రకం. అందుకే టోమాష్ సంగతి ఇంట్లో చెప్పడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆమె భయపడినంత ప్రళయమేమీ రాలేదు. తండ్రి జనార్దనరావు గారు అతన్ని ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి, చాలాసేపు ఆలోచించి ఒకే ప్రశ్న అడిగారు.

"మీ దేశంలో పెన్షన్ ఉందా?"

ఉందన్నాడు టోమాష్. అంతే, మాట ఖాయమైపోయింది.

తేదీ టోమాష్ వాళ్ళ ఊరి టౌన్‌హాల్లో దొరికింది. అక్టోబరు పద్ధెనిమిది. భావన కాగితాలు సెప్టెంబరు పదిహేనులోగా అక్కడికి చేరాలి. చేరకపోతే ఆ తేదీ పోతుంది. తేదీ పోతే మనిషీ పోయినట్టే. నవంబరులో కంపెనీ అతన్ని మూడేళ్ళకు బ్రెజిల్ పంపిస్తోంది, పెళ్ళయిన భార్యకు తప్ప ఇంకెవరికీ వెంట వీసా ఇవ్వరు.

పుట్టిన తేదీ సర్టిఫికెట్‌తోనే ఆమె సగం అరిగిపోయింది. బాపట్ల మునిసిపాలిటీ రిజిస్టర్లో ఆమె పేరు లేదు, "ఆడ శిశువు" అని ఉంది. ఆ ఆడ శిశువు, ఈ భావన ఒకరేనని మేనమామ శివరామకృష్ణ గారు తిరిగి తిరిగి రాయించేసరికి వేసవి కాస్తా వెళ్ళిపోయింది. ఇక మిగిలింది అవివాహిత ధ్రువపత్రం. దానికి ఆమె ఒక అఫిడవిట్ ఇవ్వాలి, తల్లిదండ్రులలో ఒకరు ఇంకొకటి ఇవ్వాలి. ఆ రెండూ చూసి, మనవైపు ఆర్డీవో లాంటి ఎస్డీఎం ఆఫీసువాళ్ళు సర్టిఫికెట్ ఇస్తారు. దానిమీద ఇంకో రెండు ఆఫీసుల ముద్రలు పడితే చాలు, విమానం ఎక్కేస్తుంది కాగితం.

తండ్రి సంతకం గురించి ఆమెకు బెంగే లేదు. సంతకాలలోనే జీవితం గడిచిన మనిషి ఆయన. ముప్పై అయిదేళ్ళు ఒక మంత్రిత్వశాఖలో ఫైళ్ళు నడిపి సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యారు. ఇంట్లో పచారీ చీటీకి కూడా ఎడమ పక్క మార్జిన్ వదిలి రాస్తారు. ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక భావన అఫిడవిట్ ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, ఎర్ర పెన్సిల్ తీసుకుని చదవడం మొదలుపెట్టారు. మూడో పేరా దగ్గర పెన్సిల్ ఆగింది.

"అమ్మాయ్, ఇది నేను పెట్టలేను."

"ఏం, అచ్చుతప్పులున్నాయా?"

"'నా కుమార్తెకు నేటివరకు ఏ విధమైన వివాహమూ జరగలేదు.' ఇది అబద్ధం కదా."

భావనకు ఒక్క క్షణం నిజంగానే అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది.

అయిదేళ్ళ కిందటి మాట. వచ్చిన సంబంధం వచ్చినట్టే తిరిగిపోతుంటే, అమ్మాయికి కుజదోషం ఉందని ఎవరో అన్నారు. తల్లి మాణిక్యాంబ గారు సెలవుల్లో ఆమెను బాపట్ల తీసుకెళ్ళి, అన్నగారి పెరట్లో, సీతారామయ్య అనే పురోహితుడి చేత అరటిచెట్టుతో పెళ్ళి చేయించారు. చెట్టుకు కొత్త పంచె చుట్టారు. పసుపుతాడు కట్టించారు. అక్షింతలు వేశారు. అంతా అయ్యాక చెట్టును నరికి కాలవలో వదిలారు, దోషం దాంతోనే పోయినట్టు లెక్క. గొడవెందుకని భావన నలభై నిమిషాలు పీటమీద కూర్చుని, పులిహోర తిని, సోమవారం రైలెక్కి ఢిల్లీ వచ్చేసింది. మళ్ళీ ఆ ఊసే ఎత్తలేదు.

"నాన్నగారూ, అది చెట్టు!"

"చెట్టే. కానీ మంత్రాలు చదివారు. లగ్నం పెట్టారు. రైలు టికెట్లు నేనే కొన్నాను. 'ఏ విధమైన' అని రాసి ఉంటే దాన్ని దాటేసి ఎట్లా పెడతాను? ఒట్టేసి ఇచ్చే కాగితం ఇది."

"మీరప్పుడు అదంతా ఉత్త చాదస్తమన్నారు!"

"అన్నాను. నేను నమ్మలేదు. చేయించినావిడ నమ్మింది. వంటింట్లో ఉంది, అడుగు. అది పెళ్ళి కాదని మీ అమ్మ అంటే ఇప్పుడే పెట్టేస్తా సంతకం."

వంటింట్లోంచి కుక్కర్ కూత మాత్రం వచ్చింది.

చివరికి ఆయనే దారి కనిపెట్టారు. మూడో పేరా కింద తన చేత్తో ఇంకో వాక్యం చేర్చి టైపు చేయించారు. రెండువేల మూడులో బాపట్లలో ఒక అరటిచెట్టుతో సంప్రదాయరీత్యా జరిగిన తంతు మినహా, సదరు చెట్టు అదే రోజు నరకబడినది, అని. దాన్ని పట్టుకుని తండ్రీ కూతుళ్ళు ఎస్డీఎం ఆఫీసులో రెండు గంటలు నిలబడ్డారు. గుమాస్తా చదివాడు. మళ్ళీ చదివాడు.

"బాబూజీ, యే కేలా... ఖానేవాలా కేలా?"

"అవును, తినే అరటే," అన్నారు జనార్దనరావు గారు హిందీలో, గంభీరంగా.

గుమాస్తా పక్క బల్ల ఆయన్ని పిలిచాడు. పక్క బల్ల ఆయన కాగితం చదివి, భావనను కింది నుంచి పైదాకా చూసి, చాలా న్యాయంగా అడిగాడు.

"పేడ్ కట్ గయా, తో మేడమ్ కుమారీ కైసే? విధవా హుయీ న!"

చెట్టును నరికేశారు కాబట్టి ఆమె వితంతువు కదా అని అతని వాదన. వరసలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నవ్వనివాళ్ళు ఇద్దరే. భావన చెవులు ఎర్రబడి నేల చూస్తోంది. జనార్దనరావు గారు నుదురు రుద్దుకుంటున్నారు.

"అతను అడిగినదాంట్లో పాయింటుంది అమ్మాయ్," అన్నారు.

గుమాస్తా మంచివాడే. ఆ ఒక్క లైనూ తీసేయండి, రేపే సంతకం అయిపోతుంది అని రెండు చేతులూ జోడించి చెప్పాడు. తీసేది లేదన్నారు ఈయన. కాగితం వెనక్కి వచ్చింది.

ఆ సాయంత్రం టోమాష్ ఫోన్ చేస్తే భావన అంతా చెప్పింది. అతను విడాకులు తీసుకోవచ్చా అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. ఆమె ఫోన్ పెట్టేసి హాల్లోకి వచ్చింది. తండ్రి వార్తలు చూస్తున్నారు, తల్లి చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నారు. భావన వెళ్ళి టీవీ ఆపేసింది. ఆ ఇంట్లో ఆమె అలాంటి పని చేయడం అదే మొదలు.

"నాకు పెళ్ళయిందా, కాలేదా? ముప్పై ఏళ్ళొచ్చినా ఇంకా కాలేదని మీరే ఏడ్చారు. ఇప్పుడేమో అయిపోయిందంటున్నారు. ఇవాళ ఆగస్టు ఇరవై ఆరు. ఇద్దరూ కూర్చుని ఏదో ఒకటి తేల్చండి. అయిందంటే చెప్పండి, రేపణ్ణుంచి ఆ కాలవ గట్టున కూర్చుంటా!"

"నాదేముందే," అన్నారు జనార్దనరావు గారు. "మీ అమ్మ కాదంటే..."

"ఎట్లా కాదననండీ?" అన్నారు మాణిక్యాంబ గారు. చిక్కుడుకాయ చేతిలోనే ఉంది. "అది పెళ్ళి కాదంటే దోషం పోనట్టే కదా. పోకపోతే ఎవరికి తగులుతుంది? ఆ అబ్బాయికేగా. పరాయిదేశం పిల్లాడు, ఏమెరుగును? తెలిసి తెలిసి వాడి మెడకు చుట్టమంటారా?"

ఇన్నాళ్ళూ భావన, అమ్మ వంటింట్లో మౌనంగా ఉన్నది మొండితనంతో అనుకుంది. టోమాష్ ప్రాణానికి కాపలా కాస్తోందని తోచలేదు. తోచాక కూడా కోపం తగ్గలేదు, మరికాస్త పెరిగింది. ఇంత ప్రేమను పట్టుకుని ఏ కౌంటర్లో నిలబడాలి?

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి మాణిక్యాంబ గారు ఉప్పాడ చీర కట్టుకుని, హ్యాండ్‌బ్యాగు తగిలించుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"పదండి. సంతకం నేను పెడతా. తల్లయినా పరవాలేదని రాసుందిగా."

ఆఫీసు బయట, రేకుల నీడలో నోటరీ బల్ల. ముగ్గురికీ కలిపి ఒకే కుర్చీ. దాంట్లో మాణిక్యాంబ గారిని కూర్చోబెట్టారు. కొత్త అఫిడవిట్‌లో అరటిచెట్టు లేదు. మూడో పేరాను భావన తెలుగులో చెబుతుంటే ఆమె కళ్ళు మూసుకుని విన్నారు.

"ఇంకోసారి చెప్పు."

భావన పళ్ళు బిగబట్టి ఇంకోసారి చెప్పింది. మాణిక్యాంబ గారు పెన్ను తీసుకుని, గుండ్రటి తెలుగు అక్షరాల్లో, ఇంటిపేరుతో సహా తొందర లేకుండా సంతకం చేశారు. పెన్ను మూత పెట్టి కూతురికిచ్చారు.

"పెళ్ళి కాదన్నందుకు దోషం తిరిగొస్తే రానీలే. అబద్ధపు ఒట్టు వేసింది నేను. తగిలితే ముందు నాకే తగలాలి, ఆ పిల్లాడిదాకా పోదు."

నోటరీకి తెలుగు రాదు కనుక అతనొక్కడే మామూలుగా ఉన్నాడు. కాగితం అడుగున ఒకచోట వేలు పెట్టి, ఇక్కడ ఎవరైనా గుర్తింపు సంతకం చేయాలన్నాడు. ప్రమాణం చేసినావిడను తాను స్వయంగా ఎరుగుదునని.

భావన తండ్రికేసి చూసింది. ఇందులో తప్పు పట్టడానికేముంది? ముప్పై నాలుగేళ్ళ కాపురం. జనార్దనరావు గారు పెన్ను తీసుకున్నారు. ఆ వాక్యం చదివారు. భార్య ముఖం చూశారు. మళ్ళీ చదివారు. పెన్ను మొన కాగితానికి అంగుళం పైన ఆగిపోయింది.

"నాన్నగారూ, మీకు దణ్ణం పెడతాను," అంది భావన. "అమ్మ మీకు తెలుసు కదా? ఇదైనా నిజమే కదా?"

"తెలుసుననే అనుకున్నాను," అన్నారాయన.

సంతకం పెట్టారు. పెన్ను నోటరీకి ఇవ్వబోయి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తీసుకుని, సంతకం కింద ఆనాటి తేదీ కూడా వేశారు.