రాజకుమారుణ్ణి నీళ్లడిగిన పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు సంబంధాల గ్రూపులో తెలిసింది. పొద్దున టీ గిన్నె పొయ్యి మీద పెట్టి ఫోన్ తెరిస్తే ఆమె ఫొటో కనిపించింది. కింద ఇంటి పేరు, వయసు, సొంత ఊరు, భర్త వివరాలు పద్ధతిగా ఉన్నాయి. పెట్టింది ఆమె కొడుకే. "తెల్లవారుజామున ఆసుపత్రిలో కన్నుమూసింది, రోజులు బాగలేవు, ఎవరూ రావద్దు" అని చివర రాశాడు. కానీ ఆ గ్రూపులోకి ఏళ్ల తరబడి పెళ్లికొడుకుల, పెళ్లికూతుళ్ల ఫొటోలు తప్ప మరొకటి వచ్చిన పాపాన పోలేదు. సూరత్ పక్కనున్న పల్సానా నుంచి ఒకాయన పైపైన చూసి, అలవాటు కొద్దీ జవాబు కొట్టేశాడు: "మాకు నచ్చింది. జాతకం పంపగలరు."

ఏడుస్తూనే నవ్వాను. టీ పొంగి పొయ్యంతా పాడైంది. పాపం ఆయన వెంటనే ఆ మెసేజ్ తీసేసి, దండాలు పెట్టే బొమ్మలు ఇరవై వరసగా పెట్టాడు గానీ, అప్పటికే మా బమ్రోలి పేట అంతా చూసేసింది. పెద్దమ్మ ఉంటే ఏమనేదో నాకు తెలుసు. "అరవై ఎనిమిదేండ్లకు సుత నాకు సంబంధం అచ్చింది సూడు! పిలగాడు ఏం పని జేస్తడట?" అనేది.

ఈ పత్రికలో నేను రాసిన రాజకుమారి సీరియల్ చదివి, ఆఖరి భాగం చూశాక నన్ను తిట్టిపోసిన పిల్లలున్నారే, వాళ్లకు ఇది నా సంజాయిషీ కూడా. కథను పెళ్లిపందిట్లో ఎందుకు ఆపేశారని ఎన్ని ఉత్తరాలు రాశారు! ఒక అమ్మాయైతే "మీకు అసలు పెళ్లంటేనే పడదా?" అని అడిగింది. నాకు పెళ్లితో ఏ పేచీ లేదు తల్లీ. పేచీ అంతా మా పెద్దమ్మది.

ఆమె నాకు చుట్టం కాదు, ఎదురింటి మనిషి. సూరత్‌లో మగ్గాల పనికి వచ్చిన మన తెలంగాణ కుటుంబాలకు పెళ్లి సంబంధాలు కుదర్చడం ఆమె పని. అందరికీ సంబంధాల పెద్దమ్మ. మా వైపు సంబంధాల్లో హజీరా వైపు పెద్ద ఫ్యాక్టరీలకు కంపెనీ బస్సెక్కి పనికి వెళ్లే కుర్రాడంటే సాక్షాత్తూ రాజకుమారుడే. అలాంటివాణ్ణి కూడా పెద్దమ్మ తన పరీక్ష పెట్టకుండా వదిలేది కాదు. పరీక్ష చాలా చిన్నది. పిల్లవాడి ఇంటికి వెళ్లి కూర్చుంటుంది. పెళ్లి మాటెత్తదు. "జర మంచినీళ్లు ఇయ్యిండ్రి" అంటుంది. ఎవరు లేస్తారో చూస్తుంది, అంతే.

"అమ్మా, నీళ్లట!" అని కూర్చున్నచోటి నుంచే కేకేసే కుర్రాడికి ఆమె చేతుల మీదుగా పెళ్లి కాదు. ఒక ఇంట్లో ఇంజనీరు పిల్లవాడు ఫోన్ నొక్కుకుంటూ ఉండిపోతే, మోకాళ్ల నొప్పుల నాయనమ్మ మూలుగుతూ లేచిందట. పెద్దమ్మ నీళ్లు తాగి, ఆ ముసలమ్మకు దండం పెట్టి, చెప్పులేసుకుని వచ్చేసింది. "ఏమైంది పెద్దమ్మా?" అంటే "ఉత్త నీళ్లు తాగచ్చిన" అంది. ఆ మాట అన్నదంటే సంబంధం చెడినట్టే. నాకు వచ్చిన మూడు సంబంధాలకూ ఆమె ఉత్త నీళ్లే తాగి వచ్చింది. మా అమ్మ ఆమెతో ఆరు నెలలు మాట్లాడలేదు.

లాక్‌డౌన్ వచ్చి మగ్గాలు ఆగిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక మా సందులో కాకి అరుపు వినడం నాకు అదే మొదటిసారి. పెళ్లిళ్లు లేక పెద్దమ్మకు పని లేదు. నాకూ లేదు. చీరల కేటలాగులకు తెలుగులో పేర్లు, వర్ణనలు రాసే ఉద్యోగం నాది, చీరలే కదలనప్పుడు వర్ణనలు ఎవరిక్కావాలి? అందుకని ఈ పత్రికకు సీరియల్ మొదలుపెట్టాను. ఏడంతస్తుల మేడలో రాక్షసుడు బంధించిన రాజకుమారి, రెక్కల గుర్రం మీద వచ్చే రాజకుమారుడు, యుద్ధం, ప్రేమ, పెళ్లి. అన్నీ అమర్చి పెట్టుకున్నాను. రాసింది గ్యాలరీలో, అంటే మా బాల్కనీలో, నిలబడి పైకి చదువుకోవడం నా అలవాటు. ఎదురు గ్యాలరీలో పీట మీద కూర్చుని వెల్లుల్లి పొట్టు తీయడం ఆమె అలవాటు. మధ్యలో సందు ఉంది కాబట్టి సర్కారు చెప్పిన దూరం దానంతటదే అమలయ్యేది.

మొదటి రోజే అడ్డుపడింది.

"ఆగు. ఏడు సముద్రాలు దాటి అచ్చిండు, మంచిదే. ఇంట్ల చెప్పి అచ్చిండా?"

"రాజకుమారుడు పెద్దమ్మా! సాహసం జేస్తుండు."

"ఏం సాహసం? తల్లికి చెప్పకుంట అచ్చినోడు రేపు పెండ్లానికి సుత చెప్పకుంట పోతడు. చెప్పి అచ్చిండని రాయి."

రాశాను. రెండో భాగంలో రాజకుమారుడు తల్లి దగ్గర సెలవు తీసుకునే ఘట్టం అంత పొడుగు ఎందుకుందో ఇప్పుడు మీకు అర్థమైందా? మా సంపాదకుడు అది చదివి, ఈ కాలం పిల్లలకు ఇలాంటి మాతృభక్తే కావాలని మెచ్చుకున్నాడు. నేనూ సిగ్గులేకుండా థాంక్స్ చెప్పాను.

రాక్షసుణ్ణి చంపిన భాగం నేను చాలా ఊపుగా రాశాను. నాలుగు పేజీల కత్తియుద్ధం. ఊపిరి తిప్పుకోకుండా చదివి ఎదురింటి వైపు చూస్తే, పెద్దమ్మ వెల్లుల్లి రెబ్బను వెలుతురులో తిప్పి చూసుకుంటోంది.

"సంపుడు ఒక్క దినం పని. తెల్లారి సంది ఏం జేస్తడు?"

"రాజ్యం ఏలుతడు."

"అది వాళ్ల నాయిన ఏలవట్టె గద?"

నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండింది. అయినా ఆ పూటే కూర్చుని రాజకుమారుడికి చెరువులు తవ్వించే పని అప్పగించాను.

గుర్రం దగ్గర మాత్రం మాకు పెద్ద లొల్లే అయింది. "ఆ రెక్కల గుర్రం పిలగానిదేనా, ఎవలదన్న అడుక్కచ్చిండా?" అంది. గుర్రం ఎవరిదైతే ఏముందని నేనూ గొంతు పెంచాను. ఆమె వెల్లుల్లి బుట్ట పక్కన పెట్టింది.

"ఇను. మా నాయిన నా సంబంధం సూడ సిరిసిల్ల కెల్లి సూరతు అచ్చిండు. పిలగానికి పన్నెండు మగ్గాలున్నయని చెప్పి కార్ఖానకు తోల్కపోయిండ్రు. పన్నెండు నడుస్తున్నయ్. ఆ సప్పుడుల మా నాయిన 'ఇవన్ని మీయేనా?' అన్నడట. వాళ్లు తలకాయ ఊపిండ్రు. 'పిలగాడు తాగుతడా?' అన్నడు. దానికి సుత తలకాయ ఊపిండ్రు. అప్పుడన్న అనుమానం రావాలె గద? రాలె. మురుసుకుంట ఇంటికి పోయి లగ్గం పెట్టుకున్నడు."

"మరి మగ్గాలు?"

"సేఠువి. మీ పెద్దబాపు అండ్ల కూలి."

పెళ్లయి వచ్చి కార్ఖానా వెనక గదిలో దిగిన వారానికి, కరెంటు పోయి మగ్గాలు ఆగినప్పుడు, ఆ మగ్గాల్లో ఒక్కటీ తనది కాదని ఆమె భర్త, మా పెద్దబాపే, ఒప్పుకున్నాడట. ఆమె బోరుమంది. ఇప్పుడే మా ఊరికి పోతానని లేచింది. అంతలోనే కరెంటు వచ్చింది.

"మగ్గాలు మొదలైనయ్. నేను ఏమంటున్ననో ఆయనకు ఇనవడలె. లేసి పోయి గిలాసల నీళ్లు తెచ్చిచ్చిండు."

"మంచోడే గద పెద్దమ్మా!"

"మంచోడే. నాకు కలిసచ్చింది. అందరికి కలిసస్తదా? అందుకే చెప్తున్న, సంబంధం మాట్లాడేటప్పుడు మగ్గం బందు పెట్టాలె."

పెద్దబాపు నలభై ఏళ్లు మగ్గాల మధ్య నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. పెద్దమ్మ పెదవులు కదిలితే చాలు, నీళ్లు తెచ్చేవాడు. ఉప్పడిగితే నీళ్లు. గ్యాస్ బండ వచ్చిందంటే నీళ్లు. ఒకరోజు ఆమె ఆయన్ని నోరారా తిడుతోంది, తిట్టు సగంలో ఉండగానే గ్లాసు చేతికొచ్చింది. తిట్టడం ఆపి తాగక తప్పలేదు. "ఈయనతోని లొల్లి పెట్టుకుంటే కడుపు నిండుతది గని కోపం తీరది," అని నాతో మొర పెట్టుకుంది.

ఏడాది తిరిగేసరికి మగ్గాలు మళ్లీ నడిచాయి, సీరియల్ పెళ్లిపందిరి దాకా వచ్చింది. బాజాలు మోగుతున్నాయని గొంతు చించుకుని చదివాను.

"బాజాలు బందు పెట్టియ్యి," అంది. "పిల్ల అడిగేది ఇనవడాలె గద."

ఆమె చెప్పినట్టే రాజకుమారి చెయ్యెత్తింది, బాజాలు ఆగాయి. "నాకు దాహంగా ఉంది. మంచినీళ్లు తెస్తావా?" అని రాజకుమారుణ్ణి అడిగింది. చుట్టూ నూరుమంది దాసదాసీలు. రాజకుమారుడు అటూ ఇటూ చూశాడు. అక్కడ నా కలం ఆగింది.

"లేస్తడా?" అంది పెద్దమ్మ.

"నువ్వే చెప్పు."

"నేనెట్ల చెప్త? పిలగాన్ని కన్నది నువ్వు. ఉత్తగనే లేపినవనుకో, సదివే పిల్లలకు తెలుస్తది."

నిజంగానే నాకు తెలియలేదు. పదకొండు భాగాల్లో వాణ్ణి సముద్రాలు దాటించాను, కొండలెక్కించాను, రాక్షసుణ్ణి చంపించాను, చివరికి చెరువులు కూడా తవ్వించాను. పక్కమనిషికి ఒక్క గ్లాసు నీళ్లు మాత్రం ఇప్పించలేదు.

ఆ వారమే ఆమెకు జ్వరం తగిలింది. దగ్గు, ఆయాసం. అంబులెన్సు సందులోకి రాలేకపోతే, కొడుకు భుజం పట్టుకుని నడిచి వెళ్లింది. సందు మలుపులో ఆగి, మాస్కు కిందికి లాగి, నా వైపు చూసి అరిచింది: "పెండ్లి జేసెయ్యకు! నేనచ్చినంక జేద్దాం!"

సంపాదకుడు తొందరపెట్టాడు. రాసినంతవరకే పంపేశాను. మీరు చదివింది అదే.

మూడో రోజు సాయంత్రం ఆమె గొంతు మెసేజ్‌గా వచ్చింది. ఊపిరికీ ఊపిరికీ మధ్య రెండే మాటలు. "బిడ్డా... లేసిండా?"

లేచాడని పెట్టేస్తే అయిపోయేది. మంచం మీదున్న మనిషి తృప్తి కోసం చిన్న అబద్ధం తప్పా? కానీ ఆమె తల ఊపుళ్లను నమ్మని మనిషి. ఆమెకు నేనూ ఊరికే ఎలా తల ఊపను? టైపు చేశాను, చెరిపేశాను. పొద్దునకల్లా తేల్చుకుని చెబుదామనుకున్నాను. పొద్దున గ్రూపులో ఆమె ఫొటో వచ్చింది. ఆ ఒక్క మాట చెప్పలేకపోయినందుకు నన్ను నేను ఎంత తిట్టుకున్నానో!

పరామర్శకు వెళ్లనిచ్చేసరికి రెండు వారాలు పట్టింది. పెద్దబాపు గ్యాలరీలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. కింద మగ్గాలు దడదడలాడుతున్నాయి. నేను ఎదురుగా కూర్చున్నాను. "పెద్దబాపూ, పెద్దమ్మ ఒక్క మాట అడిగింది, నేను జవాబియ్యలే," అన్నాను. ఇంకా ఏదేదో అన్నాను, ఏడ్చాను. ఆయన చెవులకు వినబడదు, మాస్కు ఉంది కాబట్టి నా పెదవులూ కనబడవు. కాసేపు నా కళ్లవైపే చూశాడు. తర్వాత ఒక చెయ్యి మోకాలి మీద, ఒక చెయ్యి గోడ మీద వేసి, మెల్లగా లేచాడు.

రెండు గ్లాసులు తెచ్చాడు. ఒకటి నాకిచ్చాడు. రెండోది ఆమె పీట పక్కన పెట్టాడు.

ఇంటికొచ్చి రాశాను. పిల్లలూ, పుస్తకంలో రాబోయే ముగింపు ఇదే. రాజకుమారి నీళ్లడిగింది. రాజకుమారుడు అటూ ఇటూ చూడడం మానేసి, ఒక చెయ్యి మోకాలి మీద వేసుకుని, మరో చేత్తో పందిరి గుంజ పట్టుకుని, మెల్లగా లేచాడు.

ఇరవై ఏళ్ల కుర్రాడికి మోకాళ్ల నొప్పులేమిటి, అది తీసేద్దామా అని సంపాదకుడు ఫోన్ చేశాడు.

ఉండనివ్వండి అన్నాను.